ఎనభై ఎనిమిది తరఫున

1990 ఆగస్టు, మంగఫ్

ముగ్గురం ఉండే గదిలో నేనూ ఖాదరూ ఇద్దరమే మిగిలాం. ఇరాక్ సైన్యం వచ్చిన పొద్దున సబ్హాన్‌లోని గోడౌన్‌కి డ్యూటీకి పోయిన ఖాదర్ వాళ్ల తమ్ముడు ఇంకా తిరిగి రాలేదు.

ఖాదర్ ధ్యాస మళ్లించాలని ఇవాళ పాత తగువే ఎత్తాను. ఉత్తమ చిత్రం అవార్డుకు నామినేషన్ వచ్చిన సినిమాల్లో ఎనభై ఆరో సంవత్సరానివే గొప్పవన్నాను. ఖాదర్ ఏనాడూ ఒప్పుకోలేదు. ఎనభై ఎనిమిదో సంవత్సరానివన్నీ రాయచోటిలో తమ్ముడితో కలిసి చూశాడు మరి. వాదనలో ఓడినవాడు టీ పెట్టాలి. ఖాదర్ ఒక్కసారీ పెట్టలేదు.

"నువ్వు జెప్పిందే కరెక్టులేన్నా, ఎనభై ఆరే" అంటూ లేచి స్టవ్ వెలిగించాడు.

నాకు భయమేసింది. "కాదులే ఖాదర్, ఎనభై ఎనిమిదే" అని ఎంతసేపు వాదించానో.

ఖాదర్ మూడు గ్లాసుల్లో టీ పోశాడు.