సువార్తమ్మత్త రాజు వేషం

ఆదివారం, 2003 ఫిబ్రవరి

ఒళ్లు హూనమైపోయింది. సువార్తమ్మత్త జ్ఞాపకార్థ కూడికకి వచ్చినవాళ్లందరికీ వడ్డించి, గిన్నెలు తోమి ఇల్లు చేరేసరికి చీకటి పడింది.

పాస్టరుగారు ఆమె భక్తి గురించి చెప్పారు. జనం మాత్రం క్రిస్మస్ నాటకాలే చెప్పుకున్నారు. పగలంతా మిరపకాయల తొడిమలు తీసి, ఆ ఘాటుకి బొంగురుపోయిన గొంతుతోనే ఏటా రాజు వేషం కట్టేది. బొగ్గు మీసం, అట్ట కిరీటం. ఒక ఏడాది, పుట్టిన రక్షకుడు దొరకలేదని ఊళ్లో పసిపిల్లల్ని చంపమని భటులకి ఆజ్ఞ ఇస్తుండగా ముందు వరసలో ఓ పసిది దడుచుకుని ఏడ్చింది. అత్త కత్తి అక్కడే పడేసి, కిందికి దిగి దాన్ని చంకనేసుకుంది.

"ఊరుకో తల్లీ, ఇదంతా ఉత్తుత్తిదేనమ్మా!"

ఆ మాట తలుచుకుని ఇవాళ అందరూ నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. నేను వంటపాకలోకి వెళ్లిపోయాను.

ఆ నాటకం నేర్పింది నేనే. అయిపోగానే ఆమె మీద అరిచాను. "రాజెక్కడన్నా పిల్లల్ని ఎత్తుకుంటాడా అత్తా? నాటకం పరువంతా తీశావు!" మరుసటేడు ఆ వేషం పాస్టరుగారి తమ్ముడికి ఇచ్చాను. అతనికి బొగ్గు మీసం అత్తే దిద్దింది.

మొన్న క్రిస్మస్‌కి మళ్లీ ఆమెకే ఇద్దామనుకున్నాను. అప్పటికే మంచం పట్టింది.

ఆ రోజు ఏడ్చింది మా చిన్నదే. నేను తెర వెనక మాటలు అందిస్తూ, దాని ఏడుపు వినిపిస్తున్నా కదల్లేదు.