నర్సమ్మగారి పాత రేడియో

అక్కా, నేను కులాసా, నా గురించి దిగులు పడకు.

రిటైరైన నర్సమ్మగారొకరు పాత రేడియో తెచ్చారు. లోపల కరెంటు నిలవుంచే కెపాసిటర్లు ఉబ్బిపోయి, రొద తప్ప మాట వినపడటం లేదు. పాతవాటి సామర్థ్యమే, అంటే మైక్రోఫారడ్ల లెక్కే ఉండి, ఓల్టేజి ఒక మెట్టు ఎక్కువ తట్టుకునేవి వెతికి వేశాను. రేడియో గొంతు తేటపడింది. ఈ రిపేరు గదిలో పనిమాట కాని మాట విని ఎన్నాళ్లయిందో! "ఇంకా పరీక్షించాలండీ" అని సాకు చెప్పి, రేడియో నా దగ్గరే ఉంచుకుని, ఆవిడను రెండుసార్లు తిప్పి పంపాను. మూడోసారి నా ముఖంలోకి చూసి, "నాకూ ఇంట్లో అదొక్కటే తోడు బాబూ" అన్నారు. సిగ్గుతో చితికిపోయాను. నేనే ఆవిడ ఇంటిదాకా మోసుకెళ్లి ఇచ్చొచ్చాను.

బావ దగ్గు తగ్గిందా? నా నీలం స్వెట్టరు పంపు. చంటిదానికి ముద్దులు. ఈసారి కార్డు కాదు, పెద్ద ఉత్తరం రాయి. పైకి చదువుకుంటాను.

నీ తమ్ముడు