ఒరిగిన సముద్రం

శనివారం, రాత్రి

ఆపరేషన్ అయిన బాపు కంటికి ఈ రోజు కట్టు విప్పారు. ఇంటికి రాగానే ఫోన్‌లో నాకిష్టమైన కొండల ఫోటో చూపించాను. అందులో మెలికలు తిరిగిన దారి మన చూపును పైమూలకు లాక్కుపోతుంది. అక్కడ చీమంత మనిషి ఉంటాడు.

"గా మూలకు ఎవలో నిలబడ్డరు," అన్నాడు బాపు.

అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాను. మళ్లీ మగ్గాల దుమ్ములో పనికి వెళ్తే ఆ కన్ను ఏమవుతుందో...

తర్వాత డుమస్ బీచ్‌లో నేను తీసిన ఫోటో చూపించాను.

"ఏంది బిడ్డా, సముద్రం గిట్ల ఒక దిక్కు ఒరిగింది? నీళ్లన్నీ ఒలికిపోతయి."

నా ఫోటోకు ఎవరు వంక పెట్టినా నాకు ఒళ్లు మండుతుంది. ఈ రోజు మాత్రం వెతికి వెతికి ఇంకో నాలుగు వంకర ఫోటోలు చూపించాను.