అత్తయ్య వచ్చేలోగా జీపు టాపు

ఏమండీ, జీపు టాపు ఊడదీసి మనం అత్తయ్యను ఆసుపత్రి నుంచి ఊరేగిస్తూ తెస్తున్నామని పక్కింటి పిన్నిగారు కుట్టుమిషను ఆవిడతో అన్నారట. అననివ్వండి. అత్తయ్య కట్టు వేసిన కాలు మడవకూడదు. హార్డ్‌టాప్ ఉంటే ఆవిడను వెనక్కి ఎక్కించడం మన వల్ల కాదు. అది తీసి గుడ్డ టాపు బిగించి, మడిచి ఉంచండి. ఇద్దరం జీపులో నిలబడి ఆవిడను పైకి ఎత్తుకోవచ్చు. కూర్చోబెట్టాక టాపు కప్పేద్దాం.

ముందుగా వెనక అద్దం వైపరు వైరు, నీళ్ల గొట్టం ఊడదీయండి. పోయినసారి మరిచిపోయి రెండూ తెంపారు. బోల్టులు కిటికీలో పెట్టిన గిన్నెలో వేయండి. టాపును పాత పరుపు మీద దించండి, గోడకు చేరేయకండి.

టైర్ల షాపు బాబాయి పదింటికి వస్తానన్నాడు. ఆయన వచ్చేదాకా దాని జోలికి పోకండి. పోయినేడు ఒక్కరే ఎత్తి నడుం పట్టేస్తే పదిహేను రోజులు కాపడం పెట్టింది నేను. మీకది గుర్తుండదు. నేను ఆసుపత్రికి వెళ్తున్నాను, పన్నెండింటికల్లా జీపు తీసుకురండి.

ఇంకొకటి. మీరు ఒక్కరే టాపు తీస్తానంటున్నారని నిన్న అత్తయ్యకు చెప్పాను. డాక్టరుగారి ముందే అనేశారు: “అయితే నా మంచం ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పు. సాయంత్రానికి వాడొస్తాడు.”