ఉసూర్ దారిలో ఇప్పపూల జాగా

సుజాతా,

నువ్వు పోయాక ఇది రెండో వేసవి. ఉసూర్ రోడ్డు డిజైన్ ఇవాళ పాసైంది. కంప్యూటర్లో ఆ ఊరి దగ్గర రోడ్డు గీతను పొడవునా మూడు ముక్కలు చేసి, ఊరి ముందుండే మధ్య ముక్కను మాత్రం మీటరున్నర వెడల్పు పెంచాను. పెద్దసారు చూసి ఆగాడు.

"ఇదేందయ్యా, ఈడ బస్టాపు గూడ లేదు గదా?"

"ఊరోళ్లు ఇప్పపువ్వు రోడ్డు మీదనే ఎండబోస్తరు సార్. బండ్లు తొక్కుకుంట పోతున్నయి."

"నీకెవరు చెప్పిన్రు?"

"మా ఇంటామె."

ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు.

అక్కడ నేను హారన్ కొట్టినప్పుడల్లా నువ్వు నన్ను తిట్టి, జీపు దిగి, చీపురుతో పువ్వును మెల్లగా పక్కకు ఊడ్చేదానివి. ఆ చీపురు ఇంకా వెనక సీటు కిందే ఉంది. వెడల్పు రోడ్డు పడ్డాక దాంతో పనుండదు. అయినా తీయను.