బదులు తీర్చుకున్నందుకు ఆగిన డిప్లొమా

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
దర్శి దగ్గర మిర్చి రైతు పోపూరి యలమందయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఆల్పైన్ మెరిడియన్ ఇంటర్నేషనల్ హైస్కూలు వారు మా అమ్మాయి బిందుమాధవి చేసిన సేవను సేవ కాదని తేల్చి డిప్లొమా నిలిపివేయుట – న్యాయం కోరుట – గురించి.

సదరు స్కూలు తమ పరిధిలోకి రాదని, ఏ దేశంలోనో ఉన్న బోర్డు కిందికి వస్తుందని తమ ఆఫీసులో చెప్పారు. ఆ దేశానికి దర్శి డిపోలో బస్సు లేదు. అందుచేత తమకే విన్నవించుకుంటున్నాను.

1. సదరు స్కూలు మా చేను పక్కనే కలదు. ఆల్పైన్ అంటే మంచుకొండ సంగతట. మా మండలంలో మంచు అనేది ఐసు బండివాడి డబ్బాలో తప్ప ఎవరూ చూసి ఎరగరు. అయినా పేరు వాళ్ళిష్టం. స్కూలు కట్టే రోజుల్లో వారికి రోడ్డు మీదికి దారి లేకపోతే మా చేను గట్టు వెంబడి దారి ఇచ్చాము. అందుకు బదులుగా మా అమ్మాయికి సీటు ఇచ్చారు. ఈ పాయింటు కింద మళ్ళీ పనికొస్తుంది కనుక తమరు దయచేసి మరచిపోరాదు.

2. చదువు విషయమై మాకు ఎట్టి ఫిర్యాదూ లేదు. ఫ్రెంచి నేర్పారు. అమ్మాయి రెండేళ్ళు మా గేదెలతో ఫ్రెంచిలోనే మాట్లాడింది, పాలు తగ్గలేదు. మనకు తెలిసినది నిజంగా మనకు తెలుసునా అని విచారించు క్లాసు ఒకటి కలదు. "తెలిసిందో లేదో పరీక్షలో తెలుస్తదిగా, దానికి మళ్ళీ క్లాసెందుకే?" అని మా ఆవిడ అడగగా, ఆ ప్రశ్న ఆ క్లాసులో అడగదగినదేనని అమ్మాయి మెచ్చుకున్నది. పెద్ద వ్యాసమొకటి సొంతంగా పరిశోధించి రాయాలి. మా అమ్మాయి మిరపలో నల్ల తామర పురుగు మీద రాసింది. సదరు పురుగు మా చేలో పుష్కలంగా ఉన్నందున బయటికి పోయే శ్రమ తప్పింది. ఆ వ్యాసానికి మంచి గ్రేడు వచ్చింది. ఈత కూడా పాసయింది. ఎండాకాలం వస్తే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఊరి పిల్లకు ఈత నేర్పారంటే ఆ స్కూలు గొప్పతనం ఒప్పుకోవలసిందే.

3. చిక్కల్లా సేవ దగ్గర వచ్చినది. ఎంత చదివినా, సమాజానికి ఇన్ని గంటలు సేవ చేసినట్లు చూపనిదే డిప్లొమా ఇవ్వరాదని నియమం. నియమం మంచిదే. దాని ప్రకారం మిగతా పిల్లలను బస్సెక్కించి వాడరేవు తీసుకుపోయారు. వాళ్ళు ఒక పూట బీచిలో చెత్త ఏరి, ఫోటోలు దిగి, చేపల వేపుడు తిని వచ్చారు. వేపుడు తిన్న ప్లేట్లు తర్వాత ఎవరు ఏరారో రికార్డులో లేదు. గంటలు మాత్రం పూర్తిగా వేశారు.

మా అమ్మాయి ఆ రోజు బస్సెక్కలేదు. మా పక్క చేను కౌలు చేసే జయకుమారికి చెయ్యి విరిగి కట్టు వేశారు. కాయ పండి ఎర్రగా ఉన్నది. కూలీలు దొరకడం లేదు. చెట్టు మీదే వదిలేస్తే తాలు కాయ అయిపోయి అడిగేవాడుండడు. అమ్మాయి సెలవు రోజులన్నీ, స్కూలు వదిలాక సాయంత్రాలు కూడా ఆమె చేలో కాయ కోసింది. ఎవరూ చెప్పలేదు, తనే పోయింది. కోత అయ్యేదాకా రాత్రిళ్ళు చేతుల మంటకు నూనె రాసుకుంటూ చదువుకుంది. కన్నవాణ్ణి కాబట్టి ఇది రాస్తున్నాను. ఆఫీసు భాషలో దీన్ని ఏమంటారో నాకు తెలియదు.

4. పై గంటలు నిజమా కాదా అని విచారించుటకు స్కూల్లో సేవా విభాగం చూసే చైతన్యకృష్ణ గారు జయకుమారికి ఫోన్ చేశారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. స్పీకరు పెట్టింది.

"అమ్మా, బిందుమాధవి మీ పొలంలో పనిచేసిన మాట నిజమేనా?"

"నిజమేనండి. బంగారంలాంటి పిల్ల."

"అందుకు మీరు తిరిగి ఏమైనా ఇచ్చారా?"

అంతే, జయకుమారికి మొహం ఎర్రబడింది.

"ఏం మాటండీ అది? ఊరికే చేయించుకునే మనుషుల్లాగా కనపడుతున్నామా మీకు? కట్టు ఇప్పగానే నేనూ మా ఆయనా పోయి వాళ్ళ చేలో బదులు కోసి ఇచ్చాం. కావాలంటే ఊళ్ళో ఎవర్నన్నా అడగండి!"

తమరికి తెలియని సంగతి కాదు. కోతల కాలంలో మా వైపు ఒకరి చేలోకి ఒకరం పనికి వెళ్ళి, తర్వాత వాళ్ళను మన చేలోకి పిలుచుకుంటాము. దీన్నే బదులు అంటాము. బదులు తీర్చని ఇంటికి మరుసటి ఏడు మనిషి పోడు. పాపం, పిల్లకు మంచి జరుగుతుందనే జయకుమారి అంత గట్టిగా చెప్పింది.

5. మర్నాడు స్కూలు నుంచి మెయిలు వచ్చింది. ఉభయులకూ ప్రయోజనం కలిగినందున సదరు పనిని సేవగా పరిగణించజాలమన్నారు. నెలాఖరులోగా గంటలు పూర్తి కాకుంటే డిప్లొమా రాదన్నారు. డిప్లొమా రాకపోతే పన్నెండో తరగతి చదివినట్టే కాదు. వ్యవసాయ కాలేజీలో చేరి ఆ నల్ల తామర పురుగు అంతు తేల్చాలని అమ్మాయి పట్టుదల. ఆ పురుగు ఇప్పుడు మా చేలో నిశ్చింతగా ఉన్నది.

6. చైతన్యకృష్ణ గారు మంచివారే. తిరిగి ఏమీ ఇవ్వలేదని జయకుమారి చేత ఒక ముక్క రాయించుకు రమ్మని నాకు దారి చూపించారు. నేను పోయి అడిగాను. సిగ్గు విడిచి అడిగానని ఒప్పుకుంటున్నాను.

"రాసిస్తాలే అన్నయ్యా," అన్నది. "పిల్ల కంటే ఎక్కువా? కానీ రేపటి నుంచి మీ గట్టు మీద ఏ మొహం పెట్టుకుని నడవమంటావు? ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చునే ఆడాళ్ళు ఏమనుకుంటారు? చదువుకునే పిల్ల చేత ఊరికే చేయించుకుని దులుపుకు పోయిందనుకోరూ?"

అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసింది. "ఆమె రాసిచ్చినా నేను తీసుకెళ్ళి ఇవ్వను నాన్నా. అత్త ఊరికే చేయించుకునే మనిషా?" అన్నది. నీ డిప్లొమా పోతుందే అంటే, పోనీ అన్నది. అని, గేదెల దగ్గరకు పోయి ఏడ్చింది. ఏ భాషలో ఏడ్చిందో నేను వినలేదు.

7. ఇంతలో స్కూలు వారు తమ సేవాదినమును జయకుమారి చేలోనే పెట్టుకున్నారు, దగ్గరని. పిల్లలందరూ ఒకే రంగు టీషర్టులతో వచ్చి చివరి కోత కోశారు. పండుకాయ, పచ్చికాయ, పూత అను భేదం లేకుండా అన్నిటినీ సమానంగా చూశారు. కాయ కోసిన చేతులతో కళ్ళు నలుపుకున్నారు. తర్వాత జరిగిన ఏడుపులు వర్ణింప నా తరం కాదు. జయకుమారి మజ్జిగతో కళ్ళు తుడిచింది. మా అమ్మాయి అందరితో పాటు కోసింది, అందరికంటే ఎక్కువ కోసింది. అయినా దానికి గంటలు వేయలేదు. కారణమేమనగా, తాగే నీళ్ళ బిందె మా ఇంటి నుంచి మోసుకొచ్చినందున మా అమ్మాయి సేవ చేసిన వర్గంలోకి రాదని, ఆతిథ్యమిచ్చిన వర్గంలోకి వస్తుందని తేల్చారు.

8. కావున తమతో మనవి చేయునదేమనగా: తిరిగి ఏదైనా పుచ్చుకుంటే సేవ కాదన్నప్పుడు, వాడరేవు చేపల వేపుడు సంగతేమిటి? మా గట్టు దారికి బదులు ఇచ్చిన సీటు సంగతేమిటి? సీటు వెనక్కి తీసుకుంటామంటే దారి వెనక్కి ఇవ్వవలసి ఉంటుంది. స్కూలు బస్సులకు రెక్కలు కట్టించుకోవడం వారి ఖర్చు. ఇది బెదిరింపు కాదు. మా ఆవిడ బెదిరింపుగానే రాయమన్నది. నేనే తగ్గించి రాశాను.

పై విషయములన్నీ తమరు చిత్తగించి, మా వైపు మనుషులు సేవ చేస్తే ఎదుటివాళ్ళు బదులు తీర్చకుండా ఊరుకోరని, ఆ తప్పు చేసినవాళ్ళది కాదని సదరు స్కూలుకు తెలియజెప్పి, మా అమ్మాయికి డిప్లొమా ఇప్పించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు (స్కూలుకు మాత్రం కాదు),
పోపూరి యలమందయ్య

తా.క.: ఈ అర్జీ కవరులో పెట్టి పోస్టు చేసే లోపల కథ మారింది కనుక మళ్ళీ విప్పి రాస్తున్నాను.

అంతమంది పిల్లలు తన చేలో కోసి పోతే ఆ బదులు తన మీద ఉండిపోయిందని జయకుమారికి నిద్ర పట్టలేదట. ఈ పొద్దున కోత ఆడవాళ్ళను ఆటోలో ఎక్కించుకుని కొడవళ్ళతో స్కూలు గేటు దగ్గర దిగింది. కొడవళ్ళు చూసి వాచ్‌మన్ గేటు వేశాడు. నన్ను పిలిపించారు. నేను పోయి సర్దిచెప్పాక లోపలికి వదిలారు. మధ్యాహ్నానికల్లా ఆటస్థలం చుట్టూ ఉన్న ముళ్ళకంప అంతా నరికి కుప్పేశారు. కూలి ఎంతివ్వాలని ప్రిన్సిపాల్ గారు అడిగితే, "కూలేంటండీ, బదులైతేనూ" అని లేచారు.

ప్రిన్సిపాల్ గారు కరిగిపోయి, ఏమీ పుచ్చుకోకుండా చేశారు కనుక ఇదే అసలు సేవ అని ఉపన్యాసమిచ్చి, ఒక్కొక్కరికీ సేవా సర్టిఫికెట్టు ఇచ్చారు. గంటలతో సహా.

జయకుమారి తన సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో గంటలంటే మా పిల్లకు తక్కువైన గంటలేనా సార్?" అన్నది. అవునన్నారు. "అయితే నా పేరు కొట్టేసి దాని పేరు రాయండి. నేనేం చేసుకోను దీన్ని?" అన్నది. అలా కుదరదని ప్రిన్సిపాల్ గారు అంటుండగానే, "ఊరికే రాయొద్దులెండి. రేపొచ్చి ఆ వెనకున్న స్థలం కూడా బాగుచేసి పోతాం" అన్నది.

ఆయన పెన్ను మూత తీశారు. మళ్ళీ పెట్టారు. అమ్మాయి జయకుమారి చెయ్యి పట్టుకుని నిలబడింది.

తమరు ఒక్క ఫోను చేస్తే ఆ మూత మళ్ళీ ఊడుతుంది. రేపు పొద్దున్నే వెనక స్థలం పని మొదలు, అందుకే దీన్ని పోస్టులో వేయక మనిషి చేత పంపుతున్నాను. నేనూ పోతున్నాను. తమరు కూడా వస్తానంటే కొడవలి ఒకటి ఎక్కువ తెస్తాను. తమ బదులు ఉంచుకోము, ఎప్పుడు ఎక్కడికి రమ్మన్నా వచ్చి తీర్చుకుంటాము.