ఒకటి రెండు చోట్ల

గెడ్డవానిపాలెం,
మే 3.

టెక్కలి తీర వాతావరణ సమాచార కేంద్రం పెద్ద ఆఫీసరు గారికి,

ఉద్దానం ఒడ్డు నుంచి మడ్డు నూకయ్య దండాలు. మీరు ఫోనుకి పంపే మెసేజి అడుగున 'దీనికి జవాబు పంపవద్దు' అని ఉంటోంది. అందుకని పోస్టులో పంపుతున్నాను.

నిన్నటి మెసేజీలో ఎండ నలభై దాటుతుందని, ఉక్కపోత తప్పదని రాశారు. అవి మీరు చెప్పకపోయినా చొక్కా చెబుతోంది. వచ్చే వారం తీరంలో 'ఒకటి రెండు చోట్ల ఉరుములతో వాన పడే అవకాశం ఉంది' అన్నారు. ఆ ఒకటి రెండు చోట్లు ఏవి? వాటిలో మా ఊరు ఉంటే దయచేసి కొట్టేయండి.

వేట నిషేధం రెండు నెలలూ పడవ ఒడ్డునే ఉంటుంది కదా అని పాత పెంకులు దించేసి ఇంటికి స్లాబు మొదలుపెట్టాను. సెంట్రింగు అయింది, ఇనుము కట్టారు. ఎనిమిదో తేదీ గురువారం పోత. మా అమ్మాయి దుర్గ పురిటికి వచ్చి ఉంది. ఈ నెలాఖరుకి నెలలు నిండుతాయి. నేను, మా ఆవిడ ఎర్రమ్మ, పిల్ల ముగ్గురం టార్పాలిన్ పట్టా కింద కాపురం. మధ్యాహ్నమైతే అది ఇడ్లీ పాత్రే. మేస్త్రి భాస్కరరావు కూడా మీ మెసేజి చదివాడు. మా అవకాశం ఇంకెవరికిచ్చినా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు మీ దయ కోరే
నూకయ్య

తా.క.: ఆధార్ జిరాక్సు జత చేశాను. వాన రద్దుకి రేషన్ కార్డు కూడా కావాలంటే పంపుతాను.

*

టెక్కలి,
మే 6.

శ్రీ నూకయ్య గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. వానలు కేటాయించడం గానీ రద్దు చేయడం గానీ ఈ కార్యాలయం పని కాదు. సముద్రం మీది తేమకి పగటి ఎండ తోడై సాయంత్రానికి మబ్బు కడుతుంది. అది ఏ ఊళ్లో కురుస్తుందో పేరు పెట్టి చెప్పలేం కాబట్టి 'ఒకటి రెండు చోట్ల' అని రాస్తాం. అది జాబితా కాదు. అవకాశం ఒకరు ఇచ్చేదీ కాదు, ఒకరు వదులుకునేదీ కాదు.

మీ దరఖాస్తును 2వ నంబరుగా నమోదు చేశాం.

భవదీయుడు,
ఫణీంద్ర, సహాయ అధికారి

తా.క.: ఆధార్ తిప్పి పంపుతున్నాను. నేను పెద్ద ఆఫీసరును కాను. ఆయన ఎండలు తగ్గేదాకా సెలవు పెట్టారు.

*

గెడ్డవానిపాలెం,
మే 12.

ఫణీంద్ర గారికి నూకయ్య మళ్లీ దండాలు.

మీ ఉత్తరం బుధవారం చేరింది. పొడుగునా కాదు, లేదు, కుదరదు అని రాసి చివర్లో అసలు సంగతి బయటపెట్టారు. ఒకటి రెండు చోట్లలో రెండు మాదే. ఆ ముక్క చదివిన మరుక్షణం భాస్కరరావు కూలీలను వెంటబెట్టుకుని కాశీబుగ్గలో వేరే పనికి పోయాడు. గురువారం చుక్క రాలలేదు.

మర్నాడు పొద్దున్నే పై తోటల మన్మథరావు గారు వచ్చి, కొబ్బరి మొక్కలు మాడిపోతున్నాయి, నీ నంబరు నా పేర రాయమన్నారు. తెల్లకాగితం మీద రాసిచ్చాను. ఆ సాయంత్రం ఆయన తోటలో అరగంట వాన పడింది. పక్క తోటలో దుమ్ము లేచింది. ఇక ఊళ్లో ఎవరికి నచ్చజెప్పగలను?

నిన్న దుర్గ అడిగింది: "నాన్నా, బిడ్డని కూడా ఈ పట్టా కిందే పడుకోబెట్టీమంతావేటి?" లేచి పడవ దాకా వెళ్లి కూర్చున్నాను. కూతురి ముఖం చూడలేకపోవడం నాకు ఇదే మొదలు.

ఇరవై రెండు గురువారం మా ఊరికి వాన లేదని కాగితం మీద రాసి, సంతకం చేసి, గుండ్రటి స్టాంపు వేసి పంపండి.

ఇట్లు,
2వ నంబరు (ప్రస్తుతం మన్మథరావు గారిది) నూకయ్య

తా.క.: ఒకటో నంబరు ఎవరిదో చెప్పండి. మందస వాళ్లదే అయి ఉంటుందని మా ఊరి అనుమానం.

*

టెక్కలి,
మే 17.

నూకయ్య గారూ,

మూడు రోజుల్లో నాకు అరవై మూడు దరఖాస్తులు వచ్చాయి. పలాస నుంచి ఒకాయన జీడిపిక్కలు ఆరబోశాడట, తన వీధి వదిలేసి కురవమన్నాడు. నందిగాం నుంచి ఒకావిడ వాన పడినా పడకపోయినా ఉరుములు మాత్రం వద్దని రాశారు. మన్మథరావు గారు రెండో తడి ఎప్పుడని అడిగారు. ఇదంతా కాదని అందరికీ జవాబులు రాస్తున్నాను. ప్రతి జవాబు మీదా నంబరు వేయక తప్పడం లేదు.

మీ అమ్మాయి మాట చదివాక రెండు రోజులు నాకు మనసు కుదుటపడలేదు. నియమం ప్రకారం ఇలా రాయకూడదు. అయినా రాస్తున్నాను: 22వ తేదీన గెడ్డవానిపాలెంలో వాన పడదు. ధైర్యంగా స్లాబు వేసుకోండి.

మీ
ఫణీంద్ర

తా.క.: గుండ్రటి స్టాంపు పెద్ద ఆఫీసరు గారి బీరువాలో ఉంది. కోలగా ఉన్నది వేశాను. ఒకటో నంబరు మా ఆఫీసు ఫ్యాను తిరగడం లేదని నేను పెట్టుకున్న ఫిర్యాదు.

*

గెడ్డవానిపాలెం,
జూన్ 3.

ఫణీంద్ర బాబుకి నూకయ్య, ఎర్రమ్మ చల్లగా ఉండమని దీవించి రాస్తున్నది.

ఇరవై రెండున మా ఊళ్లో వాన పడింది. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా దంచి కొట్టింది. కంగారు పడకండి. స్లాబు పొద్దున్న తొమ్మిదిన్నరకే అయిపోయింది. వాన వేళకి గట్టిపడింది, పైన టార్పాలిన్ కూడా కప్పాం.

ఇప్పుడు నిజం చెప్పాలి. నలభై ఏళ్లుగా ఆకాశం చూసి వల వేసేవాణ్ణి. ఈ రోజుల్లో వాన వస్తే సాయంత్రమే వస్తుందని, పొద్దుపొడుపుతో పోత మొదలుపెడితే చాలని నాకు తెలుసు. ఆ మాటే భాస్కరరావుకి మొదటి రోజునుంచీ చెబుతున్నాను. వాడు వింటేనా? "ఫోన్లో అవకాశముందని రాత్తే నువ్వు లేదంతావేటి మావా? ఆఫీసోలు కాయితమిత్తే సెప్పు, వత్తాను" అని భీష్మించాడు. వాన సంగతి నాకు తెలుసు, ఒక్క కాగితం ఇప్పించండి అంటే మీరు ఇవ్వరు. అందుకే ఏమీ తెలియనివాడిలా రాశాను. నంబరు రెండు గొడవ మాత్రం ఒక పూట నిజంగానే నమ్మాను.

ఇరవై ఒకటి సాయంత్రమే పడమటి మబ్బు చూసి మర్నాడు వాన తప్పదనుకున్నాను. నోరు విప్పలేదు. మీ ఉత్తరం చూసుకుని భాస్కరరావు తెల్లారకముందే దిగాడు. మంచివాడివైన నీచేత తప్పు రాయించినందుకు సిగ్గుగా ఉంది బాబూ. ఆ తప్పే మాకు ఇల్లు నిలబెట్టింది.

దుర్గకి పలాస ఆసుపత్రిలో ఆడపిల్ల. మొన్న ఇంటికి తెచ్చాం. సెంట్రింగు కర్రలు ఇంకా తీయలేదు, వాటి మధ్యే మంచం వేశాం. ఉక్క అలాగే ఉంది గానీ నీడ ఉంది. పిల్ల నిద్రపోతోంది.

ఇట్లు,
నూకయ్య

తా.క.: భాస్కరరావు మీ కాగితానికి లామినేషన్ చేయించుకున్నాడు. ఏ ఊళ్లో స్లాబుకి వెళ్లినా 'వాన పడదు' అని దాన్నే చూపిస్తున్నాడు. వానాకాలం వచ్చేస్తోంది, తేదీ చూసుకోమని మీరే వాడికి ఒక ఉత్తరం రాయండి. నేను చెబితే వినడు.